ఎనిమిదో గది ఫిర్యాదు

ముందే చెబుతున్నాను, నాకు ఊరికే కోపం రాదు. ఈ మాట మా అమ్మ చదివితే చేతిలో పని పక్కన పెట్టి మరీ నవ్వుతుంది, అది వేరే సంగతి. కానీ ఆ రోజు వచ్చిన కోపం మాత్రం నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. కావాలంటే మీరే తీర్పు చెప్పండి.

నేను పియానోలు శ్రుతి చేస్తాను. మ్యూజిక్ స్కూల్లో పై అంతస్తులో ఎనిమిది గదులు, గదికో పియానో. కింద హాల్లో ఇంకో పెద్ద పియానో. ఆఫీసు బల్ల మీద ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. ఏ పియానోకి ఏం జబ్బు చేసిందో టీచర్లు అందులో రాస్తారు. "మూడో గదిలో పెడల్ కిర్రుమంటోంది", "ఐదో గది పియానోలో పెన్సిల్ పడింది", ఇలాంటివే. నాకు ముందు మా నాన్న ముప్పై ఏళ్ళు ఈ పియానోలు చూశారు. ఆ ముప్పై ఏళ్ళ రిజిస్టర్లు తిరగేసినా మా పనితనం మీద ఒక్క మాట కనపడదు.

ఆ రోజు కనపడింది. అదీ ఆకుపచ్చ సిరాతో.

"ఎనిమిదో గది: పై సప్తకాలు పది రోజులకే జారిపోయాయి. ట్యూనర్ గారి చెవులకి ఏ లోపమూ లేదు. చేతుల సంగతి ఎవరైనా కనుక్కుంటే బావుంటుంది."

చేతుల సంగతి! అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరిదండీ ఈ రాత?" అన్నాను గుమాస్తా గారితో.

ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు. "కొత్త టీచరమ్మ. చేరి నెల కాలేదు. పైన ఉంది. నెమ్మదిగా వెళ్ళు బాబూ, వరండా ఇప్పుడే కడిగారు."

కోపంలో ఉన్నవాడికి నెమ్మదిగా వెళ్ళమని చెప్పడం అనవసరం. ఎనిమిదో గదిలోకి నేను నడిచి వెళ్ళలేదు, జారుకుంటూ వెళ్ళాను. పడిపోకుండా కుడిచేత్తో తలుపు పట్టుకున్నాను. భుజంలోంచి మెడ దాకా జివ్వున లాగింది. పళ్ళు బిగబట్టాను.

లోపల ఒకమ్మాయి మునివేళ్ళ మీద లేచి, కిటికీ పై గడియ వెయ్యడానికి తంటాలు పడుతోంది. బయటి వాన సగం ఆమె మీదే కురుస్తోంది. గిర్రున తిరిగి నన్ను చూసింది. ముంగురుల్లోంచి ఒక చుక్క ముక్కు మీదికి జారితే తుడుచుకోలేదు. ఆ సమయంలో అది గమనించాల్సిన అవసరం నాకు లేదు, అయినా గమనించాను.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"తగిలింది. రిజిస్టర్లో."

ఆమెకి అర్థమైంది. పెదవి కొరికి నవ్వు ఆపుకుంది. "మీరేనా ట్యూనర్? ఎవరో పెద్దాయన అనుకున్నాను."

"ఎందుకలా అనుకున్నారు?"

"పియానో విని."

చూశారా? పరిచయమై నిమిషం కాలేదు, అప్పుడే రెండోసారి.

"చూడండి మేడం, వానాకాలంలో కిటికీలు ఇలా బార్లా తెరిచిపెడితే చెమ్మకి లోపల చెక్క ఉబ్బుతుంది. శ్రుతి పోతుంది. అది కూడా తెలీకుండా..."

"చెమ్మకి చెక్క ఉబ్బితే శ్రుతి పెరగాలి కదండీ. ఇది తగ్గింది."

అడ్డంగా దొరికిపోయాను. ఆ ముక్క నాకు పదిహేనేళ్ళ వయసు నుంచి తెలుసు. కోపంలో నోరు జారింది.

ఆమె ఇంకేమీ అనకుండా నోట్సు పుస్తకంలోంచి ఒక కాగితం తీసి పియానో మీద పెట్టింది. ఎనిమిది గదులకి ఎనిమిది గీతలు, గీత చివర ఆకుపచ్చ రంగు పూసి ఉంది. ఒకటో గీతకీ ఐదో గీతకీ రంగు లేదు. రెండుకీ ఆరుకీ చివర కొంచెం. నాలుగుకీ ఎనిమిదికీ దాదాపు సగం.

"రంగున్నంత మేర శ్రుతి జారింది. మీరు రోజుకి నాలుగు పియానోలు చేస్తారు. మొదటిరోజు ఒకటి నుంచి నాలుగు, రెండోరోజు ఐదు నుంచి ఎనిమిది. అవునా?"

"ఆఫీసులో అడిగారా?"

"పియానోల్ని అడిగాను. మధ్య భాగం ముందు చేస్తారు, దానికి వంక పెట్టలేం. తర్వాత కిందివి. పైవి ఆఖర్న. అప్పటికి మీ చెయ్యి మీ మాట వినదు." గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ళ నుంచి?"

పియానో శ్రుతి చెయ్యడం చెవుల పని అనుకుంటారు అందరూ. చెవులది పావు వంతే. లోపల రెండు వందల పైచిలుకు పిన్నులుంటాయి, పిన్నుకో తీగ చుట్టి. కుడిచేత్తో లీవరు పట్టుకుని పిన్నుని వెంట్రుకవాసి తిప్పాలి. ఎడంచేత్తో ఆ తీగ తాలూకు నలుపో తెలుపో మెట్టుని గట్టిగా కొడుతుండాలి. ఆ దెబ్బకే తీగ సర్దుకుని కుదురుగా కూర్చుంటుంది. దెబ్బ మెత్తగా పడిందా, తీగ అప్పటికి బుద్ధిగా ఉన్నట్టు నటించి నాలుగు రోజుల తర్వాత పాత చోటికి పోతుంది. ఈ సంగతి ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆరు నెలలుగా నా ఎడమ మోచెయ్యి మండుతోందనీ, మధ్యాహ్నానికి కుడి భుజం బిగుసుకుపోతోందనీ, అందుకే సాయంత్రం పూట మెత్తగా కొట్టి సరిపెడుతున్నాననీ మాత్రం నాకొక్కడికే తెలుసనుకున్నాను.

"నా చేతులు బానే ఉన్నాయి," అన్నాను.

"అయితే ఆ పై గడియ వేసి పెట్టరూ? నాకందట్లేదు."

గడియ వంక చూశాను. తల కంటే మూరెడు ఎత్తున ఉంది.

"నేనొచ్చింది కిటికీలు మూయడానికి కాదు," అని విసురుగా బయటికొచ్చేశాను. వరండాలో మళ్ళీ జారాను.

*

ఇంట్లో ఈ కథంతా ఆవేశంగా చెప్పాను. చేతుల గురించి రాసిన ముక్క మాత్రం మింగేశాను.

నాన్న ఎడంచేత్తో టీ గ్లాసు పట్టుకుని విన్నారు. నాకంటే ఆయనకే ఎక్కువ కోపమొచ్చింది. "ముప్పై ఏళ్ళురా! ఒక్క మాట పడలేదు. రేపే వెళ్ళి ఎనిమిదీ మళ్ళీ చేసిపెట్టు. ఒక్కరోజులో చెయ్యి. అప్పుడు గానీ తెలిసిరాదు."

"ఒక్కరోజులో ఎనిమిదా?" అంది అమ్మ. "వాడి చేతులు ఇనుమా?"

"ఈ పనిలో నొప్పులు మామూలే. ఓర్చుకున్నవాడికే పని వస్తుంది."

ఈ మాట వింటూ పెరిగాను. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదటిసారి భుజం పట్టేసిందని చెప్పినప్పుడూ ఆయన ఇదే అన్నారు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను.

నాన్న సాయంత్రం నడకకి బయల్దేరారు. అమ్మ ఎదురుగా నిలబడి ఆయన చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టింది. రోజూ చూసేదే. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా వీళ్ళకి ఈ ముచ్చట్లేమిటని నవ్వుకుంటూ లేచిపోయాను.

*

మర్నాడు స్కూలు తలుపులు తియ్యకముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. మూడో గదిలో ఉండగా ఎనిమిదో గది వచ్చింది. ఆమెకి నేను పెట్టిన పేరు అదే, అసలు పేరు అడగడానికి నా పరువు ఒప్పుకోలేదు.

ఆమె చేతిలో ఎర్ర అలారం గడియారం ఉంది. తెచ్చి పియానో మీద పెట్టింది.

"ఇరవై నిమిషాలకోసారి మోగుతుంది. మోగగానే లీవరు కింద పెట్టి, చేతులు రెండూ వేలాడేసి, భుజాలు నెమ్మదిగా వెనక్కి తిప్పండి. ఐదు నిమిషాలు."

"బళ్ళో మాకు డ్రిల్లు మాస్టారు ఉండేవారు. ఆయన రిటైరయ్యారనుకున్నాను."

"ఆ స్టూలు ఎత్తు పెంచండి. లీవరు పట్టుకున్నప్పుడు మీ మోచెయ్యి భుజం కంటే పైకి పోతోంది. పై తీగలు ముందు చెయ్యండి, చెయ్యి అలసిపోకముందే."

"ఇంకేమైనా ఉన్నాయా? ఊపిరి ఎలా పీల్చమంటారు?"

"ముక్కుతో. నోటికి కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది."

వెళ్ళిపోయింది. నేను గడియారాన్ని తీసుకెళ్ళి వరండాలో పెట్టి తలుపేసుకున్నాను. ఇరవై నిమిషాలకి ఊరంతా వినపడేలా మోగింది.

"ఆపారా?" అని ఎనిమిదో గదిలోంచి కేక.

"ఆపాను!" అని అరిచి, మెట్టు మీద కొట్టాను.

"అబద్ధం! వినపడుతోంది!"

పక్క గదుల్లో పిల్లలు పకపకా నవ్వారు. ఈ అవమానం నేను ఎక్కడ చెప్పుకోను? పంతానికి మధ్యలో మంచినీళ్ళు కూడా తాగకుండా ఎనిమిదీ పూర్తిచేశాను. ఇంటికెళ్ళి చెప్పులు చేత్తో విప్పలేక కాళ్ళతోనే వదిలించుకున్నాను.

వారం గడిచాక రిజిస్టరు తెరిచాను. నీలం సిరా, నల్ల సిరా, పెన్సిలు. ఎనిమిది గదుల టీచర్లలో ఆరుగురు రాశారు. అన్నిటికీ ఒకటే జబ్బు, పై తీగలు జారాయి. కింద ఆకుపచ్చగా మూడు వాక్యాలున్నాయి.

"ఇది ట్యూనర్ తప్పు కాదు. ఒక మనిషి ఒక్కరోజులో ఎనిమిది పియానోలు చేస్తే ఎవరి చేతులకైనా ఇంతే. రోజుకి రెండుకి మించి చెయ్యనివ్వకూడదు."

నన్ను వెనకేసుకొచ్చింది! అడిగానా? ఎవరడిగారండీ? ఆ మూడు వాక్యాలూ నాలుగుసార్లు చదివాను. కోపంతోనే.

ఆ తర్వాత రోజుల్లో నేను స్కూలుకి ఎక్కువే వెళ్ళాను. ఒకరోజు తీగల మధ్య దోపే రబ్బరు ముక్క మర్చిపోయానని, ఒకరోజు పెడల్ చూడాలని. వెళ్ళినప్పుడల్లా ఆ అమ్మాయికి నాలుగు మాటలు అప్పజెప్పి, ఐదు మాటలు తిని వచ్చేవాణ్ణి. ఒకసారి పనేమీ లేకుండానే వెళ్ళాను. గుమాస్తా గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఇవాళేంటి బాబూ?" అన్నారు. "గొడవ పడాలండీ," అని నిజమే చెప్పాను.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించింది ఆ రోజే. ఆవిడ మెత్తగా మాట్లాడే మనిషి, అందుకే ఎక్కువ భయం.

"శనివారం సాయంత్రం వార్షిక కచేరీ. హాల్లో పియానో నీ చేతుల్లో పెడుతున్నాను. మీ నాన్నగారి మీద గౌరవంతో ఇన్నాళ్ళూ ఆగాను. దాని మీద కూడా మాటొస్తే, వచ్చే ఏడు ఇంకొకర్ని పిలవాల్సొస్తుంది."

నాన్న ముప్పై ఏళ్ళు నిలబెట్టిన పని నా చేతుల మీదుగా పోవాలా?

*

శుక్రవారం ఉదయం హాల్లో ఎవరూ లేరు. పైకప్పు మీద వాన ఒకటే మోత. స్టేజీ ఎక్కి పియానో మూత తీసి, పై తీగల దగ్గర మొదలుపెట్టాను. ఎవరో చెప్పారని కాదు.

మొదటి గంట బాగానే గడిచింది. రెండో గంటలో ఎడమ మోచెయ్యి మండటం మొదలైంది, లెక్కచెయ్యలేదు. తర్వాత కుడి భుజం బిగిసింది, దాన్నీ లెక్కచెయ్యలేదు. ఇంకో మూడో వంతు తీగలు మిగిలి ఉండగా లీవరు పిన్ను మీద పెట్టి లాగాను. చేతిలో పట్టు లేదు. లీవరు జారి స్టేజీ చెక్కల మీద పడి దడదడా దొర్లింది.

వంగి తీద్దామంటే కుడి చెయ్యి కదల్లేదు.

"ఉండండి, నేను తీస్తాను."

మూడో వరస కుర్చీల్లోంచి ఎనిమిదో గది లేచింది. ఒళ్ళో పరీక్ష కాగితాలు, చేతిలో ఎర్ర గడియారం.

"ఎంతసేపట్నుంచి ఉన్నారక్కడ?"

"మీరు పైవాటితో మొదలుపెట్టినప్పట్నుంచి. నా మాట విన్నందుకు థాంక్స్."

"వినలేదు. ఊరికే అటునుంచి మొదలెట్టాను."

ఆమె లీవరు తెచ్చి నా పక్కన పెట్టింది. అది నాకు ఇంకా మంట పుట్టించింది.

"అనండి. నేను ముందే చెప్పానని అనండి."

"అనను."

"ఎందుకని?"

"నాకెవరూ ముందు చెప్పలేదు కాబట్టి." స్టూలు మీద కూర్చుని తన కుడి మణికట్టు చూసుకుంది. "నేను కచేరీలు చేసేదాన్ని. ఇది నొప్పి పుట్టేది. మాత్ర వేసుకుని స్టేజీ ఎక్కేదాన్ని. ఎంత పట్టుదల, ఎంత ఓర్పు అని అందరూ మెచ్చుకున్నారు. ఒకరోజు కప్పు పట్టుకుంటే కింద పడింది. తర్వాత రెండేళ్ళు తలుపు గొళ్ళెం కూడా తియ్యలేకపోయాను. ఇప్పుడు అరగంట వాయించి ఆపేస్తాను. ఇంతే నాకు మిగిలింది. నాకు ఒళ్ళుమండేది నొప్పి మీద కాదండీ. దాచినందుకు మెచ్చుకున్నారే, వాళ్ళ మీద. వాళ్ళ మాట నమ్మిన నా మీద."

పోట్లాడే మాటలు తప్ప ఆమెతో మాట్లాడటానికి నా దగ్గర ఏ మాటలూ లేవని అప్పుడే తెలిసింది.

"ఆరు నెలల నుంచి," అన్నాను. "మోచెయ్యి ఆరు నెలలు. భుజం అంతకంటే ముందే. ఎవరికీ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పారుగా." కళ్ళు తుడుచుకుని పియానోకి దగ్గరగా జరిగింది. "మెట్టు మీద దెబ్బ నేను కొడతాను. మీరు రెండు చేతులతో లీవరు చూసుకోండి. గడియారం మోగితే ఇద్దరం ఆపాలి."

"మీ మణికట్టు?"

"కొట్టేది మణికట్టుతో కాదు. ఇలా, చెయ్యి ఎత్తి బరువంతా వదిలేస్తే చాలు. అదే పడుతుంది. మీరు ఇన్నాళ్ళూ బిగబట్టి కొడుతున్నారు, అందుకే మోచెయ్యి పోయింది."

ఆమె చెయ్యి వదిలేసింది. టంగుమని తీగ పలికింది. నా దెబ్బ కంటే గట్టిగా పడింది, నాకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. తలలు దగ్గరపెట్టి ఒక్కో తీగా పట్టుకొచ్చాం. "ఇంకా కిందుంది." "వింటున్నాను." "వింటే తిప్పండి మరి." "తిప్పుతున్నాను, మీ జుట్టు అడ్డొస్తోంది." "అడ్డొస్తే చెప్పాలి, అలా చూస్తూ కూర్చోకూడదు." గడియారం రెండుసార్లు మోగింది. రెండుసార్లూ ఆపాను.

"ఏంట్రా ఇది?"

హాలు తలుపు దగ్గర నాన్న. ఎడంచేతిలో తడి గొడుగు. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారట. గబగబా స్టేజీ దగ్గరికొచ్చారు.

"మన పనిలో ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చావా? రెండు చేతులుండగా సాయం కావలసొచ్చిందా నీకు?"

"అంకుల్, ఆయన భుజం..." అంది ఆమె.

"నువ్వాగమ్మా. లేరా. నేను చూపిస్తాను ఎలా చెయ్యాలో."

నాన్న లీవరు అందుకున్నారు. కుడి చెయ్యి ఛాతీ దాకా లేచి ఆగిపోయింది. అప్పుడు ఎడమ చెయ్యి వచ్చి, కుడి మోచేతిని కిందనుంచి పట్టుకుని పైకెత్తింది. పిన్ను మీద లీవరు గడగడా వణికింది. తిప్పారు. తీగ శ్రుతి దాటి ఎటో పోయింది.

నాన్న చేతి మీద తీగ తప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను. ఆ ప్రశ్న మొదట నన్నెవరు అడిగారో వెంటనే గుర్తొచ్చింది.

నాన్న లీవరు కింద పెట్టేశారు. "పన్నెండేళ్ళు."

"నాకు పని నేర్పేటప్పటికే..."

"అందుకేగా తొందరపడి నేర్పింది."

"అమ్మకి తెలుసా?"

"చొక్కా బొత్తాలు ఎవరు పెడుతున్నారనుకున్నావు?"

అంతే. ఆ పదిహేను రోజుల కోపమంతా ఒక్కసారిగా పొంగింది. దానికి అసలు కారణం ఇప్పుడు ఎదురుగా నిలబడింది.

"ముచ్చట అనుకున్నాను నాన్నా! మీ ఇద్దరికీ అదో ముచ్చట అనుకున్నాను! లీవరు పట్టుకోవడం నేర్పారు, తీగ వినడం నేర్పారు, ఇదెందుకు చెప్పలేదు? ఓర్చుకోమన్నారే, ఓర్చుకుంటే ఏమవుతుందో ఎందుకు చెప్పలేదు? మీ చెయ్యి పోయింది, నా చెయ్యీ పోవాలా? ఈ అమ్మాయిని చూడండి! వచ్చి రెండు నెలలు కాలేదు. నా మొహం చూడకుండా పియానో విని కనిపెట్టింది. రిజిస్టర్లో రాసి నా పరువు తీసింది. గడియారం పెట్టి నా ప్రాణం తీసింది. నా చెయ్యి గురించి అడిగింది ఈ అమ్మాయి ఒక్కతే, ఈవిడతోనే నేను రోజూ పోట్లాడుతున్నాను! పని లేని రోజు కూడా పోట్లాడటానికే వచ్చాను! నాకీ అమ్మాయంటే..."

ఆగిపోయాను. ఆ హాలు ఎంత బాగా కట్టారంటే స్టేజీ మీద గుసగుస కూడా ఆఖరి వరస దాకా పోతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలీదు. తలుపు దగ్గర గుమాస్తా గారూ, చీపురు పట్టుకున్న ఆయమ్మా నోరు తెరుచుకుని వింటున్నారు.

"అంటే?" అంది ఆమె. "పూర్తిచెయ్యండి. సగం తిప్పి వదిలేస్తే జారిపోతుంది."

"ఇష్టం," అన్నాను. ఆ మాట కూడా కోపంగానే వచ్చింది.

ఆమె మొహం ఎర్రబడింది. తర్వాత లేచి నిలబడి, నాకంటే రెట్టింపు కోపంగా అంది:

"నేను బొత్తాలు పెట్టను. ఇప్పుడే చెప్తున్నాను. నీ చొక్కా బొత్తాలు నువ్వే పెట్టుకోవాలి. అరవై ఏళ్ళొచ్చినా నువ్వే పెట్టుకోవాలి. అంతకాలం ఆ చెయ్యి ఉంచుకుంటానంటే సరే. నొప్పి దాచుకుని గొప్పగా తిరుగుతానంటే మాత్రం నాకొద్దు. ఒకసారి నన్ను నేనే అలా పోగొట్టుకున్నాను, రెండోసారి నావల్ల కాదు."

"దాచను," అన్నాను.

"రాసిస్తావా?"

"రిజిస్టర్లో రాసిస్తాను."

నాన్న ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. "ఏమ్మా, ఇది ఒప్పుకోవడమా, తిట్టడమా?"

"రెండూ అంకుల్."

నాన్న స్టేజీ దిగి మొదటి వరసలో కూర్చున్నారు. కుడి చేతిని ఎడంచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో మా ఎదుట ఆయన అలా పెట్టుకోవడం నేను చూడలేదు.

"నేను తప్పించిన ఆ తీగ దగ్గర్నుంచి మొదలెట్టండి. కొట్టమ్మా. నేను వింటాను."

ఆమె కొట్టింది. నేను తిప్పాను. నాన్న కళ్ళు మూసుకున్నారు. "ఇంకా కిందుంది... ఇంకొంచెం... ఆఁ, చాలు." అలా ముగ్గురం ఒక్కో తీగా దాటుతూ పోయాం. ఇంకో పది తీగలే మిగిలాయి, చెయ్యి మంచి ఊపు మీదుంది. సరిగ్గా అప్పుడే గడియారం మోగింది.

"ఈ పది అయ్యాక ఆపుతాను," అన్నాను.

"మోగింది కదరా," అన్నారు నాన్న. "లీవరు కింద పెట్టు."

*

శనివారం సాయంత్రం అద్దం ముందు నిలబడ్డాను. పొద్దున చూసిన డాక్టరు మూడు వారాలు లీవరు ముట్టుకోవద్దన్నారు. రోజుకి రెండు పియానోలకి మించి చెయ్యనని రాసిస్తే, ప్రిన్సిపాల్ గారు కచేరీ అయ్యాక చూద్దామన్నారు. అంటే నా పనీ, నా భుజమూ రెండూ ఇంకా తేలలేదు. తేలాల్సింది ముందు ఈ చొక్కా.

బొత్తాలు ఏడు. నాలుగో దాని దగ్గరే వేళ్ళు మొరాయించాయి. అమ్మ చేతులు చాపి దగ్గరికొచ్చి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. "ఆ పిల్లకి తెలిస్తే నన్ను కూడా తిడుతుంది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకో గదిలో నాన్న తన చొక్కాతో తనే కుస్తీ పడుతున్నారు. ఒక్క బొత్తం పెట్టుకుని, విజయం సాధించినట్టు అమ్మని కేకేసి చూపించారు. మిగతావి అమ్మే పెట్టింది.

హాలు గుమ్మం దగ్గర ఆమె ఎదురుచూస్తోంది. "ఎందుకింత లేటు?"

"బొత్తాలు."

పైనుంచి కింద దాకా లెక్కపెట్టింది. "ఐదోది ఆరో కాజాలో పెట్టావు."

"సరిచెయ్యొచ్చుగా?"

"పెట్టనని చెప్పాను."

జనం మా పక్కనుంచే లోపలికి వెళుతున్నారు. అంతమందిలో నిలబడి బొత్తాలు విప్పి మళ్ళీ పెట్టుకోవాల్సిన ఖర్మ ఎవరికైనా పట్టిందా? పళ్ళు నూరుకుంటూ పెట్టుకున్నాను. ఆమె చేతులు కట్టుకుని చూస్తూనే ఉంది. ఐదోది అయింది, ఆరోది అయింది, ఏడోదీ అయింది. మెడ దగ్గర మొదటిది ఎప్పుడు ఊడిందో ఊడింది, దాని కోసం చెయ్యి ఎత్తాను. చెయ్యి నెమ్మదిగానే అయినా మెడ దాకా లేచింది.

ఆమె ఆ చేతిని పక్కకి తప్పించి, బొత్తం తనే పెట్టేసింది.

"ఇదేంటి? మాట తప్పావు."

"నీ చెయ్యి అందక కాదుగా."

"మరి?"

"నాకు పెట్టాలనిపించింది."

లోపల పియానో మొదలైంది. ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయి పై తీగల కోసం చెవులు రిక్కించి విన్నాం. కచేరీ అయ్యేదాకా ఒక్కటీ జారలేదు.